స్పోర్ట్స్ బండి దిగి అడ్వెంచర్ బండి ఎక్కాక వచ్చే ఇబ్బందులు: ఎందుకొస్తాయి, ఎలా సరిచేసుకోవాలి

ఆర్15, ఆర్‌సీ 390 లాంటి బండ్లు ఏళ్ల తరబడి నడిపి, మెడ, మణికట్లు నొప్పి పుట్టి, హిమాలయన్ 450, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, 390 అడ్వెంచర్ లాంటి అడ్వెంచర్ బండ్ల వైపు మళ్లుతున్నవాళ్లు హైదరాబాద్‌లో బాగానే కనిపిస్తున్నారు. కొన్న కొత్తలోనే "ఈ బండి నాకు సెట్ కాలేదు" అని అమ్మకానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు లోపం బండిలో ఉండదు. స్పోర్ట్స్ బండి మీద ముందుకి వంగి ఉంటాం, బరువు కొంత చేతులు మోస్తాయి. ఇక్కడ నిటారుగా కూర్చుంటాం, బరువంతా నడుం కిందికి దిగుతుంది. బండి బరువేమో నేల నుంచి ఇంకాస్త పైకి పోతుంది. కింద చెప్పే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దీన్నుంచే పుడతాయి. డబ్బు పెట్టి సామాన్లు కొనేముందు ఇవి చూసుకోండి.

సిగ్నల్ దగ్గర కాలు అందట్లేదు, బండి ఒరిగిపోతోంది

అందరూ సీటు ఎత్తుని తిడతారు. లెక్క చూడండి: ఆర్15 వీ4 సీటు 815 మిల్లీమీటర్లు, హిమాలయన్ 450 సీటు 825. తేడా 10 మిల్లీమీటర్లే. అసలు కారణాలు వేరే. సీటు వెడల్పు కాబట్టి తొడలు విడిపోయి కాలు పొట్టిదైపోతుంది. ఆర్15 బరువు 142 కిలోలైతే ఇది 196 కిలోలు. పైగా 17 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే ఆ బరువంతా పైనే.

రెండు కాళ్లూ ఆనించాలన్న పట్టు వదిలేయండి. ఆగేముందే నడుముని సీటు ఎడమ అంచుకి జరిపి, ఎడమ పాదం పూర్తిగా ఆనించి, కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంచండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుల్లో ఇది రాకపోతే కష్టం. ఇంకోటి, మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచు వైపు వాలుగా ఉంటాయి. ఎడమ అంచున ఆగితే ఎడమ పాదం కింద నేల ఇంకా దిగిపోతుంది. లేన్ మధ్యలో ఆగండి.

అప్పటికీ కుదరకపోతే తక్కువ ఎత్తు సీటు వేయించుకోండి. హిమాలయన్‌కి 805 మిల్లీమీటర్ల సీటు ఉంది. లోయరింగ్ లింకు (వెనక షాకు దగ్గర వేసి బండినే కిందికి దించే ముక్క) మాత్రం చిట్టచివరి మాట. అది వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది, సైడ్ స్టాండు పొడుగైపోయి బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, చిన్న తోపుకే కుడివైపు పడుతుంది. సీటు ఎత్తు తగ్గించాలనుకుని కొన్నవాళ్లు దీన్ని ఊహించరు.

యూటర్న్‌లో బండి పడిపోబోతోంది

హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు తాకడమే దీనికి కారణం. స్పోర్ట్స్ బండి అలవాటు అది. నెమ్మదిగా తిరిగేటప్పుడు వెనక బ్రేకు, హాఫ్ క్లచ్, చూపు బయటికెళ్లే వైపు. ఒళ్లు బండితో పాటు వాల్చకండి, బయటి వైపుకి ఉంచండి. ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో అలవాటు చేసుకుంటే చాలు.

హైవే ఎక్కగానే హెల్మెట్ దడదడలాడుతోంది

ముందు గాలిని ఆపే అద్దం (విండ్‌స్క్రీన్) చిన్నదని ఇంకా పెద్దది కొంటారు, చాలాసార్లు దడ ఇంకా పెరుగుతుంది. అద్దం పైఅంచు దగ్గర తెగిన గాలి సుడులు తిరుగుతూ సరిగ్గా హెల్మెట్‌కి తగలడం దీనికి మూలం. స్పోర్ట్స్ బండి మీద ట్యాంకు మీదికి వంగి ఆ గాలి కిందికి వెళ్లేవాళ్లం కాబట్టి తెలియలేదు.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూవీలర్లని రానివ్వరు కాబట్టి సాగర్ రోడ్డో, వరంగల్ హైవేలో భువనగిరి వైపో వెళ్లండి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట, 80 దగ్గర, పెగ్స్ (పాదాలు పెట్టే కడ్డీలు) మీద నాలుగు అంగుళాలు లేవండి. దడ ఆగిపోయి ఒట్టి గాలి హోరు మాత్రమే వినిపిస్తే, మీ తల సుడిగాలిలో ఉందన్నమాట. అప్పుడు రెండే దారులు: తల పూర్తిగా గాలి చాటుకి వచ్చేంత ఎత్తు అద్దం, లేదా గాలి నేరుగా తగిలేంత పొట్టి అద్దం. నా ఓటు పొట్టిదానికే. మన ఎండల్లో ఛాతీకి గాలి తగలాలి.

90 దాటితే హ్యాండిల్ ఊగుతోంది

ముందుగా చేతులు వదులు చేయండి. గట్టిగా పట్టుకుంటే గాలికి మన భుజాలు కదిలిన కదలికంతా హ్యాండిల్‌కి చేరుతుంది. తర్వాత టాప్ బాక్సు ఖాళీ చేసి మళ్లీ నడిపి చూడండి. వెనక చక్రం దాటి, ఎత్తులో పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. బరువైనవి సైడ్ బ్యాగుల్లోకి మార్చండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండి, ఖాళీ బండి కూడా ఊగితే అప్పుడు హ్యాండిల్ బేరింగులు చూపించండి.

బ్రేకు పట్టగానే ముందుకి కూలబడటం మాత్రం జబ్బు కాదు. హిమాలయన్ షాకులు 200 మిల్లీమీటర్లు కదులుతాయి. లివరు ఒక్కసారి లాగకుండా, మొదట తాకించి తర్వాత నొక్కండి. వెనక ఇంట్లోవాళ్లు కూర్చుంటే వెనక షాకు ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) పెంచండి. లేకపోతే వెనక కుంగి, హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది.

రెండు గంటలకే కూర్చోలేకపోతున్నాను

బరువు చేతుల మీంచి దిగి ఎముకల మీదికి వచ్చింది, అంతే. మెత్తటి సీటు మొదట్లో హాయిగా ఉన్నా గంటకల్లా అణిగిపోతుంది. కాస్త గట్టి ఫోమ్ వేయించండి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పెగ్స్ మీద లేచి నిలబడండి.

ఇద్దరం కూర్చుంటే కింద నుంచి కరకరమని చప్పుడు

దీన్ని ఎవరూ పట్టించుకోరు. చెయిన్ మరీ బిగుతుగా ఉంది. మెకానిక్ కింది చెయిన్‌ని వేలితో పైకి నొక్కి, స్పోర్ట్స్ బండి లెక్కన బిగించేస్తాడు. షాకు ఎక్కువ కదిలే బండిలో, వెనక కుంగే కొద్దీ చెయిన్ ఇంకా లాగబడుతుంది. చివరికి స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్లచక్రం) బేరింగు దెబ్బతింటుంది. మాన్యువల్‌లో ఎంత లూజు రాసుందో స్కేలు పెట్టి కొలిపించండి. వదులుగా కనిపించినా అదే సరైనది.

పంక్చర్ కిట్ పనిచేయట్లేదు

పాత బండికి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. స్పోక్ చక్రాల బండ్లలో చాలావాటికి లోపల ట్యూబు ఉంటుంది, కిట్‌లోని రబ్బరు పుల్లలు గుచ్చితే లాభం లేదు. 21 అంగుళాల ట్యూబు దారిలో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఒక ట్యూబు, రెండు టైర్ లివర్లు, చిన్న పంపు బ్యాగులో ఉండాలి. ఇంటి దగ్గరే ఒకసారి చక్రం విప్పి ట్యూబు మార్చి చూసుకోండి. శ్రీశైలం వెళ్లేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మన్ననూర్ దాటాక అంతా అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసేస్తారు. అందుకే చీకటి పడేలోపు అడవి దాటేలా బయల్దేరండి, పంక్చర్‌కి ఒక గంట అదనంగా కలుపుకుని.