తోట భూముల్లో వేసిన లేఅవుట్‌లో ఇంటి స్థలం కొనేముందు చూసుకోవలసినవి

భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని విజయనగరం జిల్లాలో జాతీయ రహదారికి ఇరువైపులా ఉన్న జీడి, మామిడి తోటలు, నిన్నటిదాకా పశువులు మేసిన గరువులు లేఅవుట్లుగా మారుతున్నాయి. శ్రీకాకుళం వైపూ ఈ ధోరణి పెరుగుతోంది. పల్లెలో ఇల్లు కట్టుకుని స్థిరపడదామనుకునేవారు గేటును, సిమెంటు రోడ్డును చూసి బయానా ఇవ్వకుండా, ఆ నేల పూర్వం ఏ రకం భూమి, వాననీరు దాని మీదుగా ఎటు పోతుంది అన్న రెండు సంగతులు ముందు తేల్చుకోవాలి.

మొదటిది కాగితాల్లో దొరుకుతుంది. ఈ ప్రాంతంలో అధిక భాగం ఒకప్పటి జమీందారీ ఎస్టేట్లే కాబట్టి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత రైత్వారీ పట్టా పొందిన జిరాయితీ భూమి పక్కనే ఇనాం, దేవస్థానం, డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన), గయాళు (బీడు) భూములు కూడా ఉంటాయి. ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో కనిపించే అడంగల్, 1బి అనే భూమి రికార్డులు ఇప్పటి స్థితినే చెబుతాయి. వాటితో తృప్తిపడకుండా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసి సెటిల్‌మెంట్ నాటి మూల రికార్డైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు తీసుకోవాలి. అందులో ఆ నంబరు ఎదుట మందబయలు (పశువుల మంద నిలిపే చోటు), గెడ్డ (వాగు), చెరువుగర్భం అని ఉంటే, మధ్యలో ఎన్ని చేతులు మారినా ఆ భూమి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాతి సవరణలతో కొన్ని మినహాయింపులు వచ్చిన మాట నిజమే గాని, అమ్మేవారి నోటిమాటను కాక లిఖితపూర్వక ఉత్తర్వునే ప్రమాణంగా తీసుకోవాలి. ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింది నిషేధిత భూముల జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ వద్ద సరిచూసుకుని, కనీసం 30 ఏళ్లకు ఈసీ (లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయించాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో కూడా రాయించుకోవాలి.

రెండవది నేల మీదే తెలుస్తుంది. గ్రామపటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు చేతబట్టుకుని పెద్ద వాన కురిసిన మర్నాడు స్థలానికి వెళ్లాలి. పటంలో గెడ్డ ఉన్నచోట ఇప్పుడు రోడ్డో ప్లాటో కనిపిస్తే, గ్రావెల్‌తో దాన్ని పూడ్చారన్నమాట. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అటువంటి వాన పడితే నీరు పాత దారినే వెతుక్కుంటుంది. లేఅవుట్ అంతా గరిక ఉండి ఒక మూలన మాత్రం తుంగ మొలిచిందంటే ఆ మూలన నీరు నిలుస్తుంది. ఆ తోటలో పశువులను కాసిన పెద్దవారు ఊళ్లో ఉంటే, ఏ పక్కనుండి నీరు దిగేదో, ఎక్కడ బురదలో దూడలు దిగబడేవో వారే చక్కగా చెప్పగలరు. తీరం దగ్గరైతే బోరు నీటిని పరీక్ష చేయించడమే కాక, ఆ స్థలం తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలోకి వస్తుందేమో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఇక అనుమతుల విషయం. భోగాపురం వైపు వీఎంఆర్‌డీఏ, బొబ్బిలి వైపు బుడా, శ్రీకాకుళంలో సుడా అనే అభివృద్ధి సంస్థలు లేఅవుట్లను మంజూరు చేస్తాయి. లేఅవుట్ మొత్తం విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటితే 2016 నాటి చట్టం ప్రకారం రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వద్ద నమోదు కూడా తప్పనిసరి. రోడ్లు, కాలువలు పూర్తి చేస్తామన్న హామీగా కొన్ని ప్లాట్లను మంజూరు చేసిన సంస్థకు తనఖా పెడతారు. మీకు చూపుతున్న ప్లాటు వాటిలో లేదని మంజూరైన నకలులోనే చూసుకోవాలి. రోడ్లతోపాటు పార్కు స్థలాన్ని పంచాయతీకి దానపట్టా ద్వారా అప్పగించారో లేదో తప్పక అడగాలి. అప్పగించకపోతే అక్కడ ఉండిపోయిన పాత మామిడి చెట్ల కింద రేపు కొత్త ప్లాట్లు గీసినా అడ్డుకోవడం కష్టమవుతుంది. పదిళ్లు లేచేసరికే నివాసులు సంఘంగా ఏర్పడి ఆ దస్తావేజు నకలు దగ్గర ఉంచుకోవడం మంచిది.

కొలతల్లో సెంటుకు 48.4 చదరపు గజాలు. దస్తావేజులో గజాలతోపాటు నాలుగు హద్దులు, సర్వే నంబరు, మంజూరు నంబరు స్పష్టంగా రాయించి, రిజిస్ట్రేషన్‌కు ముందే లైసెన్సు ఉన్న సర్వేయరు చేత కొలిపించి, నాలుగు మూలలా రాళ్లు పాతించుకోవాలి.