కోనసీమ పిల్లలతో టీన్ కామెడీ షార్ట్ ఫిల్మ్ తీయడం ఎలా?

ఇంటర్ చదివే పిల్లలు ఏడెనిమిది మంది, కాస్త మంచి కెమెరా ఉన్న ఫోన్ ఒకటి, నాలుగు రోజుల సెలవులు. పన్నెండు నిమిషాల నవ్వుల సినిమాకి ఇవి చాలు. మా వీధి పిల్లలతో ఇలాంటివి రెండు తీశాను. మొదటిదానిలో జరిగిన పొరపాట్లు రెండోదానిలో దిద్దుకున్నాం. మీరు తీసేటప్పుడు పనికొస్తాయని వరసగా చెప్తున్నాను.

1. చీటీలు రాయించండి

కథ కోసం ఎక్కడెక్కడో వెతకొద్దు. పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి రెండు ప్రశ్నలడగండి. మొదటిది పైకే అడగొచ్చు: మీ కాలేజీలో పాపులర్ ఎవరు, ఎందుకు? సొంత బండి మీద వచ్చేవాడనో, ఇన్‌స్టాలో రెండు వేల మంది ఫాలోవర్లున్న అమ్మాయనో, హైదరాబాద్‌లో రెండేళ్ళు చదివొచ్చి అక్కడివాళ్ళలా మాట్లాడేవాడనో చెప్తారు. రెండో ప్రశ్నకి జవాబు మాత్రం చీటీ మీద, పేరు లేకుండా రాయాలి: కాలేజీలో ఎవరికీ తెలియకూడదని నువ్వు దాచేదేంటి?

మా పిల్లల చీటీలు విప్పుతుంటే నాకు గొంతు పట్టేసింది. ‘మా నాన్న కొబ్బరి దింపు తీస్తాడు.’ ‘ఎవరైనా మా ఇంటికొస్తానంటే ఊళ్ళో లేమని చెప్తాను.’ సగం చీటీల్లో ఒకటే మాట: ‘నా యాస.’ నోట్లోంచి ‘ఆయ్’ జారకుండా ఒక కుర్రాడు ఏడాదంతా ‘హా’ అని నెట్టుకొస్తున్నాడట.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. గోదారి యాస వినిపించి నవ్వించడం మనం చాలానే చూశాం. మీ సినిమాలో యాసని దాచడానికి పిల్లలు పడే పాట్లు చూసి జనం నవ్వాలి. నాన్న చేసే పని కనబడకుండా కప్పిపుచ్చే అబద్ధం చూసి నవ్వాలి. యాస చూసి, ఆ పని చూసి నవ్వు వస్తోందంటే ఆ సీను కొట్టేయండి. ఏ డైలాగు రాసినా ఈ పరీక్ష పెట్టాల్సిందే.

చీటీలో ఉన్నది ఉన్నట్టు కథలోకి ఎత్తకండి. ఎవరిదో మిగతావాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఊరు మార్చండి, పని మార్చండి, కథ కుదిరాక చీటీలు చించేయండి.

2. అబద్ధాన్ని పెంచండి

మా రెండో సినిమా కథ చెప్తాను, పద్ధతి తెలుస్తుంది. ఆత్రేయపురం అమ్మాయి. ఇంట్లో నాగలక్ష్మి, రావులపాలెం కాలేజీలో ‘లక్కీ’. వాళ్ళమ్మ పూతరేకులు చేస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరంతటికీ గొప్ప, ఈ పిల్లకి మాత్రం నామోషీ. ‘మాది ఎక్స్‌పోర్ట్ బిజినెస్’ అని ఒకసారి నోరు జారుతుంది. అక్కడ మొదలు.

అబద్ధాన్ని మూడు మెట్లు ఎక్కించండి. మొదటి మెట్టు చిన్న మాట. రెండోది ఆ మాటని నిలబెట్టుకోవడానికి చేసే పని: కాలేజీ ఫంక్షన్‌కి పూతరేకులు తనే ‘హోల్‌సేల్‌గా తెప్పిస్తానం’టుంది. మూడో మెట్టులో తప్పించుకునే దారి మూసేయాలి. పాపులర్ గుంపు మొత్తం, ‘చేసే చోటే చూసి ఆర్డరిద్దాం, రీల్ కూడా తీద్దాం’ అని బయల్దేరుతుంది. లక్కీ తన ఇంటికి తనే కొనేదానిలా వెళ్ళాలి. తన అమ్మనే ‘ఏవండీ, కిలో ఎంత?’ అని అడగాలి. ఇంతలో వాళ్ళ వీధి కుక్క తోకాడించుకుంటూ వచ్చి, అంతమందిలోనూ ఈ పిల్ల కాళ్ళ దగ్గరే చతికిలబడుతుంది.

ఈ సీనుకి చూసేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకంటే రహస్యం వాళ్ళకి ముందే తెలుసు. మా మొదటి సినిమాలో రహస్యాన్ని చివరిదాకా దాచి ఒక్కసారిగా బయటపెట్టాం. జనం ‘ఓహో’ అన్నారు, నవ్వలేదు. కాబట్టి మొదటి నిమిషంలోనే ఇల్లు, అమ్మ, పొయ్యి చూపించేయండి. ఎప్పుడు దొరికిపోతుందా అన్న టెన్షన్ చూసేవాడికి ఉంటే నవ్వు దానంతటదే వస్తుంది.

పాపులర్ అమ్మాయిని రాక్షసిని చేయకండి. ఆమె కూడా ఏదో ఒకటి దాస్తూ ఉండాలి. మా కథలో శ్రేయకి రాజోలు నుంచి వాళ్ళ అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్ల దూరంగా వెళ్ళి మాట్లాడుతుంది. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కళ్ళజోడు తీసేసి, జుట్టు విరబోసి, పౌడరు కొట్టి అమ్మాయిని ‘అందగత్తె’ని చేసే సీను మీ సినిమాలో వద్దు. లావుగా ఉన్న కుర్రాణ్ణీ, నల్లగా ఉన్న పిల్లనీ చూపించి నవ్వించే డైలాగులూ వద్దు. షూటింగ్ అయ్యాక ఆ పిల్లలు మళ్ళీ అదే క్లాసులో కూర్చోవాలి.

3. స్క్రిప్టు రాయండి

పేజీకి దాదాపు ఒక నిమిషం లెక్కన పన్నెండు పేజీలు దాటనివ్వకండి. సీన్లు మీరు రాయండి, మాటలు పిల్లల చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి, అవే కాగితం మీద పెట్టండి. ‘నేను ఇప్పుడే వస్తున్నాను’ అని మీరు రాస్తే వాళ్ళు పాఠం అప్పజెప్పినట్టు చెప్తారు. ‘ఇదిగో వచ్చేత్తన్నా’ అన్నది వాళ్ళ నోట పుట్టిన మాట.

4. పాత్రలకి మనుషుల్ని చూసుకోండి

పాలకొల్లు అల్లు రామలింగయ్య గారి ఊరు. మాట కంటే ముందు మొహంతోనే ఎలా నవ్వించొచ్చో ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. పిల్లల్లోనూ ఎదుటివాడు మాట్లాడుతుంటే ఎవరి మొహంలో కదలిక కనిపిస్తోందో చూడండి. గలగలా మాట్లాడే కుర్రాడి కంటే, వింటూ కనుబొమలు కదిపే కుర్రాడే కామెడీకి పనికొస్తాడు.

పెద్దవాళ్ళ పాత్రలకి పెద్దవాళ్ళనే పెట్టండి. కెమెరా చూస్తే బిగుసుకుపోతారు కాబట్టి చేతికి పనివ్వండి. అమ్మ పాత్ర వేసినావిడ డైలాగు చెప్పమంటే చెమటలు పట్టించుకుంది. పొయ్యి ముందు కూర్చోబెట్టి రేకులు తీస్తూ మాట్లాడమంటే, స్క్రిప్టులో లేని మాటలు కూడా అంది. ‘ఏంటమ్మా, కొంటారా, సూత్తారా?’ అన్నది ఆవిడ సొంత మాటే.

పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలందరి తల్లిదండ్రుల దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. యూట్యూబ్‌లో పెడతామన్నది కూడా ఆ కాగితంలో ఉండాలి. కాలేజీ బోర్డు, యూనిఫాం మీది బ్యాడ్జి కనబడనివ్వకండి. క్లాస్‌రూం సీన్లు ఆదివారం ఏ ట్యూషన్ షెడ్డులోనో తీసుకోవచ్చు.

5. ఎప్పుడు తీయాలి?

డెల్టాలో ఇదే పెద్ద చిక్కు. పిల్లలకి తీరికుండేది వేసవి సెలవుల్లో. అప్పటికి కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళతో నిండుగా పారే కాలువ మీ కథకి కావాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో అడుగు బురద తప్ప ఏమీ దొరకదు. దసరా సెలవుల్లో నీళ్ళుంటాయి, చేలు పచ్చగా ఉంటాయి, కానీ వాన ఎప్పుడు పడుతుందో తెలీదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కూడా. ఫిబ్రవరి, మార్చి అంటే పిల్లలకి పరీక్షలు.

నా ఓటు సంక్రాంతి సెలవులకి. పొద్దున్నే మంచు, పదింటిదాకా మెత్తటి ఎండ, కాలువల్లో నీళ్ళు, దాళ్వా (రెండో పంట) ఊడ్పులతో చేలల్లో జనం. ఒక్కటే ఇబ్బంది. పండగకి పూతరేకుల ఆర్డర్లు ఎక్కువ, ఆ ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. మేం ఇంటి సీన్లు కనుమ అయ్యాక పెట్టుకున్నాం.

చోటు విషయానికొస్తే, ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు ఎంత అందమైనవో చెప్పక్కర్లేదు. కానీ ఇప్పటికే ఎన్నో సినిమాల్లో చూసేశాం. కాలేజీ బస్సు ఆగే చోటు, పక్క సందు, గేదెల పాక వెనక గోడ, వీటిల్లోనే మీ పిల్లల కథ నడుస్తుంది. డ్రోన్ మీద ఖర్చు పెట్టకండి, దాని నిబంధనలు వేరే. ఏటిగట్టు ఎక్కితే కొబ్బరి తోటలు చక్కగా కనిపిస్తాయి.

6. షూటింగ్

ఫోన్‌ని అడ్డంగా పట్టుకోండి, స్టాండ్ మీద పెట్టండి, ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. ఫోకస్‌నీ వెలుగునీ లాక్ చేయండి, లేకపోతే తెల్ల చొక్కా వేసుకున్నవాడు నడిచొచ్చినప్పుడల్లా సీనంతా చీకటవుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే తెర మీద చారలు పాకుతాయి. ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతాయి. మిట్టమధ్యాహ్నం కొబ్బరి చెట్ల కింద మొహాల మీద ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. అప్పుడు భోజనాలు పెట్టేయండి.

కామెడీని దూరం నుంచి తీయండి. కుక్క వచ్చే సీనులో మొదట అందరి మొహాలూ విడివిడిగా, దగ్గరగా తీశాం. కలిపి చూస్తే నవ్వు రాలేదు. రెండోసారి గుమ్మం ఎదురుగా ఫోన్ పెట్టేసి, కుక్క, లక్కీ, అమ్మ, గుంపు అందరూ ఒకే ఫ్రేములో కనబడేలా కట్ లేకుండా తీశాం. కుక్క ఎటు నడుస్తోందో లక్కీ చూస్తోంది, లక్కీ మొహం మనం చూస్తున్నాం. అంతకంటే ఏం కావాలి! డైలాగు అయిపోయాక వెంటనే ‘కట్’ అనకండి. ఇంకో మూడు సెకన్లు ఆగండి, అసలు నవ్వు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

దగ్గరగా తీయాల్సినవాటిని మాత్రం బాగా దగ్గరగా వెళ్ళి తీయండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, రెండు చేతులతో కుండ మీద ఒక్కసారి లాగుతారు. చుయ్‌మంటుంది, ఆవిరి లేస్తుంది, కన్నుమూసి తెరిచేలోగా తెల్లటి పొర. అంచు పట్టి లేపితే కాగితం కంటే పల్చగా రేకు వచ్చేస్తుంది. ఆవిడ రేకుని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నప్పుడు దానిలోంచి అవతలి వెలుగు కనబడింది, ఆవిడ వేళ్ళూ కనబడ్డాయి. పక్కన నిలబడ్డ లక్కీ పాత్ర వేసిన పిల్ల మొహంలో అప్పటిదాకా లేనిదేదో వచ్చింది. నేను చెప్పి చేయించింది కాదది. అందుకే ఇలాంటి పని తీసేటప్పుడు ఫోన్ ఆపకండి, తిరగనివ్వండి. ఫోన్‌ని మంటకి కాస్త దూరంగా, కిటికీకి ఎదురుగా పెట్టండి. రేకులు ఎగిరిపోతాయని అక్కడ ఫ్యాన్ వేయరు కాబట్టి సౌండ్ కూడా బాగా వస్తుంది.

7. సౌండ్

బొమ్మ కాస్త బాలేకపోయినా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. వెయ్యి రూపాయల లోపు చొక్కాకి పెట్టుకునే వైరు మైకులు దొరుకుతాయి. అదీ లేకపోతే ఇంకో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టండి. సీను మొదట్లో గట్టిగా ఒక చప్పట్లు కొడితే తర్వాత సౌండునీ బొమ్మనీ కలుపుకోవచ్చు. మేం మొదటిసారి అద్దె మైకు తెచ్చాం. అది మధ్యలోనే ఆగిపోయి ఒక పూట పనంతా పోయింది. అప్పట్నుంచి ఏ సీనుకైనా రెండు చోట్ల రికార్డు చేస్తున్నాం.

రేవు దగ్గర గాలికి మైకు బుసకొడుతుంది, దూది చుట్టండి. గుడి మైకు, చేలో ఇంజను, కాకులు ఏ వేళకి మోత మొదలుపెడతాయో ముందురోజే వెళ్ళి వినిరండి. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఊరికే రికార్డు చేసి ఉంచుకోండి, ఎడిటింగులో అతుకులు కప్పడానికి పనికొస్తుంది.

8. ఎడిటింగ్, పాటలు

కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ముందు అన్నీ పేర్చి చూడండి, తర్వాత ప్రతి సీను మొదట్లో ఉన్న నడకలు, తలుపు తీయడాలు కోసేయండి. ఒక జోకు బాగా పేలితే దాన్ని మళ్ళీ వాడాలనిపిస్తుంది. ఆగండి.

సినిమా పాటలు పెట్టొద్దు. మన చట్టంలో పాట రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి, యూట్యూబ్ కూడా పట్టేస్తుంది. మా పిల్లలు బెంచీ మీద దరువేసి, స్టీలు గ్లాసుతో తాళం కొట్టి తీసిన మ్యూజిక్ కథకి అతికినట్టు సరిపోయింది.

9. ముగింపు సీను, మొదటి ఆట

స్టేజీ ఎక్కించి మైకిచ్చి ‘నేను ఇలాగే ఉంటాను’ అని స్పీచ్ ఇప్పించకండి. మా మొదటి సినిమాలో అది పెట్టాం, పిల్లలే ఫోన్లు చూసుకున్నారు. రెండోదానిలో అమ్మ పొయ్యి మీంచి గుడ్డ కూతురి చేతికిస్తుంది, ఒక్క మాట కూడా లేకుండా. లక్కీ కాసేపు గుంపు వైపు చూసి, కుండ ముందు కూర్చుని రేకు లాగుతుంది. చక్కగా వస్తుంది. శ్రేయ ‘నేనూ’ అని కూర్చుంటుంది, చిరిగిపోతుంది. మళ్ళీ లాగుతుంది, వేలు కాలుతుంది, ‘ఆయ్, కాలిందండి బాబూ!’ అనేస్తుంది. రాజోలు అమ్మమ్మ గొంతు అచ్చంగా అదే. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. అక్కడితో సినిమా అయిపోయింది.

యూట్యూబ్‌లో పెట్టేముందు, ఎవరింట్లో తీశారో వాళ్ళకి మొదట చూపించండి. గోడకి తెల్ల పంచె కట్టి, ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చుకుంటే వీధి వీధంతా వస్తుంది. వాళ్ళు ఫలానా ముక్క వద్దంటే బతిమాలకుండా తీసేయండి. మా సినిమాలో అమ్మ పాత్ర వేసినావిడ ఒకే ఒక్క మార్పు అడిగింది. వంటింట్లో మసి పట్టిన గోడ కనిపిస్తోంది, అది తీసేయమంటుందేమో అనుకున్నాను. రేకు కిటికీ వైపు ఎత్తి పట్టుకున్న బొమ్మ ఇంకాసేపు ఉంచమంది. నాలుగు సెకన్లు పెంచాం.