నెట్ సెంటర్‌లో మన వివరాలు వదిలేయకుండా పని ముగించుకోవడం ఎలా?

కౌన్సెలింగ్ రోజుల్లో హన్మకొండ నయీంనగర్‌లోనో, కేయూ క్రాస్‌రోడ్డు దగ్గరో నెట్ సెంటర్‌కు వెళ్తే నిలబడ్డానికి కూడా చోటుండదు. తెలంగాణలో ఎంసెట్ కాస్తా 2024లో ఎప్‌సెట్ అయింది గానీ ఈ రద్దీ మాత్రం తగ్గలేదు. అన్నీ ఫోన్‌లోనే అయిపోతాయంటారు. కానీ వెబ్ ఆప్షన్లు, అంటే మనకు కావలసిన కాలేజీల వరుస పెట్టాలన్నా, సర్టిఫికెట్ల సైజు తగ్గించి అప్‌లోడ్ చేయాలన్నా మనోళ్లు ఇంకా అక్కడికే పోతారు. పోవడంలో తప్పేం లేదు. పది మంది వాడే కంప్యూటర్‌లో మన లాగిన్, మన ఆధార్ మిగిలిపోకుండా చూసుకుంటే చాలు.

ఇంట్లో బయల్దేరేటప్పుడే ఫోన్ చార్జింగ్ చూసుకోండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. కావలసిన ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అది ఈ పనికే ఉంచుకుంటే మంచిది. కుటుంబం ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌ను తీసుకెళ్లి వైరస్ అంటించుకోవద్దు.

కంప్యూటర్ ముందు కూర్చోగానే ప్రైవేట్ విండో తెరవండి. క్రోమ్, ఎడ్జ్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. ఇందులో చూసిన సైట్ల చరిత్ర, లాగిన్లు ఆ విండోలన్నీ మూసేయగానే పోతాయి. అయితే దీన్ని చూసి మరీ ధీమా పడొద్దు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు ఎక్కడికీ పోవు. మనం కొట్టే అక్షరాలను దొంగచాటుగా రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లో ఉంటే, ప్రైవేట్ విండో దాన్ని ఆపలేదు. అందుకే నెట్ బ్యాంకింగ్ మాత్రం అక్కడ తెరవకండి. ఫీజు కట్టాలంటే, స్క్రీన్ మీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను మీ ఫోన్‌తో స్కాన్ చేసి కట్టే వీలుందేమో చూడండి.

అప్లికేషన్ మనమే నింపితే ఒక తీరు, సెంటర్ అతను నింపితే ఇంకో తీరు. అతనికి చేయి తిరిగిన పని, టకటకా కొట్టేస్తాడు. మెయిల్ ఐడీ అడిగితే మనం తడుముకుంటాం. "నాది పెడతలే తమ్మీ, ఏం కాదు" అంటాడు. మంచితనంతోనే అంటాడు, కాదనను. కానీ పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజు మార్చుకునే లింకు అతని మెయిల్‌కే పోతుంది. అప్పటికి అతను ఊళ్లో లేకపోయినా, ఆ మెయిల్ వాడడం మానేసినా తిప్పలు మనకే. కాబట్టి "వద్దన్నా, నాదే పెట్టు" అని గట్టిగా చెప్పండి. మొబైల్ నంబరూ అంతే. సబ్మిట్ నొక్కే ముందు ఆ రెండు గడులను స్క్రీన్ మీద మీరే ఒక్కో అక్షరం చదువుకోండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డు మీరే తీసుకోండి. బ్రౌజర్ పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే 'నెవర్' నొక్కండి. వెబ్ ఆప్షన్లు ఎవరైనా మార్చేస్తే పోయేది సీటు మరి.

ఇక ప్రింట్ల సంగతి. దుకాణం గోడ మీద వాట్సాప్ నంబర్ రాసి ఉంటుంది, అందరూ దానికే పంపుతారు. బస్ టికెట్ అయితే పంపండి. ఆధార్, పాస్‌బుక్ లాంటివైతే పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా ప్రింట్ తీయించుకోవడం మేలు. పంపక తప్పకపోతే, ప్రింట్ రాగానే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టి ఊరుకోకండి, ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ అయిన కాపీ అట్లనే ఉంటుంది. దాన్ని మీ ముందే తీసేయమని అడగండి. ఈ-ఆధార్‌కు, అంటే నెట్‌లోంచి దించుకున్న ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉందిగా అనుకోవద్దు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే ఆ పాస్‌వర్డ్. మన కాగితం చూసిన ఎవరికైనా అది తెలిసినట్టే. 12 అంకెలూ అడగని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే సరిపోతుంది, అందులో చివరి 4 అంకెలే కనబడతాయి.

వాట్సాప్ వెబ్ మాత్రం అక్కడ తెరవకపోవడమే నయం. తెరిచి అట్లనే లేచి వచ్చేస్తే, మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా మీ చాట్లు ఆ స్క్రీన్ మీద కనబడుతూనే ఉండొచ్చు.

లేచే ముందు సైట్లోంచి లాగౌట్ అవ్వండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ ఫైళ్లను ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. ఉత్త డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. స్కానర్ గాజు కింద మెమో మరిచిపోయారేమో మూత తీసి చూడండి.

ఇంటికొచ్చాక వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి, తెలియని కంప్యూటర్ కనబడితే లాగౌట్ కొట్టండి. జీమెయిల్ తెరిచి ఉంటే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద 'యువర్ డివైజెస్'లోనూ అదే పని చేసి, ఫోన్‌లోనే పాస్‌వర్డ్ మార్చేయండి.