కొబ్బరి డొక్కలతో బయోచార్: డెల్టా రైతు ఎలా చేసుకోవాలి, ఎక్కడ వాడాలి

కొబ్బరి డొక్క (కాయ మీది పీచు తొక్క), చిప్ప, ఎండు మట్ట వంటి వ్యర్థాలను గాలి సరిగా అందనివ్వకుండా సుమారు 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో మాడ్చగా మిగిలే బొగ్గును, నేలలో వేయడానికి చేసినప్పుడు, బయోచార్ అంటారు. పూర్తిగా కాల్చేస్తే వాటిలోని కర్బనం దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. బొగ్గు చేస్తే సగానికి దగ్గరగా మిగిలి, నేలలో కుళ్లిపోకుండా చాలా కాలం నిలుస్తుంది. గాలిలోని కర్బనాన్ని తగ్గించే మార్గాల్లో దీన్ని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2018 నివేదిక పేర్కొన్నది ఇందుకే.

దిగుబడి సంగతి వేరు. అనేక ప్రయోగాలను కలిపి చూసి 2017లో వెలువరించిన ఒక విశ్లేషణలో ఉష్ణమండల పంటలకు సగటున 25 శాతం పెరుగుదల కనిపించింది గానీ, ఆ లాభం ఎక్కువగా ఆమ్లగుణం ఉన్న నిస్సారమైన నేలలది. గోదావరి డెల్టాలో కాలువల కింది మన నల్ల బంకమట్టి ఆ కోవలోకి రాదు. అందువల్ల వరిచేలో చల్లడం కంటే, అంతర్వేది, అల్లవరం వైపు తీరపు ఇసుక నేలల్లోని కొబ్బరి పాదులకు, కూరగాయల మళ్లకు, నర్సరీ కుండీలకు ముందుగా వాడటమే సబబని నా అభిప్రాయం. నీటినీ పోషకాలనీ పట్టి ఉంచలేని ఇసుకకే దీని అవసరం ఎక్కువ.

తయారీకి వేసవి అనువైన కాలం. డెల్టాలో కొద్ది లోతులోనే నీరు ఊరుతుంది కనుక మెరక చోటు చూసి, పైన సుమారు అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండి, అడుగుకు వెళ్లేకొద్దీ సన్నబడే గోతిని తవ్వాలి. మెరక దొరకని చోట అడుగు తీయని ఇనుప డ్రమ్ము వాడవచ్చు. వ్యర్థాలు బాగా ఎండి ఉండాలి. పచ్చివైతే పొగే మిగులుతుంది. అడుగున ఎండు కమ్మలతో మంట వేసి, అది పట్టుకున్నాక పలుచటి పొరగా డొక్కలు, చిప్పలు పరచాలి. ఆ పొర మీద తెల్లటి బూడిద కనిపించడం మొదలవగానే మరో పొర వేయాలి. పైనున్న మంట గాలిలోని ఆక్సిజన్‌ను తానే వాడేసుకోవడం వల్ల కిందిది బూడిద కాకుండా బొగ్గుగా నిలుస్తుంది, పొగ కూడా చాలావరకు మంటలోనే కాలిపోతుంది. తొందరపడి ఒకేసారి గుట్టగా పోస్తే ఈ రెండు లాభాలూ పోతాయి.

గోయి నిండి చివరి పొర కూడా ఎర్రబారాక నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. పైకి చల్లారినట్లున్నా లోపల రగులుతూనే ఉండవచ్చు కాబట్టి, తిరగేస్తూ మళ్లీ తడిపి, మర్నాటి వరకు ఇంటికీ గడ్డివాముకూ దూరంగా ఉంచాలి. మంట మీదికి వంగకూడదు, పాకలో అసలు చేయకూడదు. కనపడని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. దంచేటప్పుడు బొగ్గు తడిగా ఉండాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

వరి ఊకకు ఈ గోయి పనికిరాదు, అది గాలి ఆడకుండా కుదించుకుపోతుంది. చిల్లులున్న రేకు గొట్టంలో నిప్పు వేసి, చుట్టూ ఊకను కుప్పగా పోసి, నలుపు పైదాకా వచ్చాక ఆర్పడం దానికి తగిన పద్ధతి. రైసు మిల్లు బాయిలరులోంచి వచ్చే బూడిద రంగు ఊకబూడిదను బయోచార్ అని అమ్మజూపితే తీసుకోవద్దు. అందులో మిగిలేది ప్రధానంగా సిలికా.

కొత్త బొగ్గును అలాగే నేలలో వేస్తే అది నత్రజనిని తనలోకి పట్టేసుకుని మొక్కకు కొంతకాలం అందనివ్వకపోవచ్చు. కందిగింజంత ముక్కలుగా నలిపి, సమాన పరిమాణంలో పశువుల పేడ ఎరువుతో కలిపి, గోమూత్రంతో తడిపి, రెండు మూడు వారాలు నీడలో మాగనివ్వాలి. కొబ్బరి చెట్టు చుట్టూ ఆరడుగుల వ్యాసార్ధంలో ఉండే పాదుకు మాగినది పది కిలోల దాకా చాలు, అంటే చదరపు మీటరుకు సుమారు ఒక కిలో. పైమట్టిలో కలిపి నీళ్లు పెట్టాలి.

బయోచార్‌కు క్షారగుణం ఉంటుంది, డొక్క బొగ్గులో పొటాష్‌తో పాటు ఉప్పు కూడా ఉంటుంది. భూసార పరీక్షలో ఉదజని సూచిక 8 దాటిన నేలలకూ, ఉప్పు తేలిన నేలలకూ డొక్క బొగ్గు వేయకపోవడమే మంచిది, చిప్పల బొగ్గయినా మంచినీళ్లతో కడిగి కొద్దిగా వేసి చూడాలి. తోటంతటికీ పెట్టే ముందు ఒక వరుసకు వేసి, పక్క వరుసను వేయకుండా వదిలి, రెండింటికీ ఒకే నీరు, ఒకే ఎరువు ఇస్తూ కాపు లెక్క రాసుకోవాలి. కొబ్బరిలో ఒక ఏడాది లెక్కతో ఏమీ తేలదు.