మొదటి క్లాసిక్ ఏరోబాటిక్ ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం ఎలా ఎంచుకోవాలి?

1977లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆస్ట్రియాకు చెందిన హానో ప్రెట్నర్ ‘కురారే’ అనే మోడల్‌తో ఆర్‌సీ ఏరోబాటిక్స్‌లో (గాలిలో పల్టీల విన్యాసాల్లో) ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ విమానం ఫొటో చూశాక ఎవరికైనా అదే కట్టాలనిపిస్తుంది. కానీ మొదటిసారి దాని జోలికి వెళ్లకండి. లోపలికి ముడుచుకునే చక్రాలు, కిందికి వాలిన తోక రెక్కలు సరిగ్గా అమర్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

1. ముందు మీ చేతిని చూసుకోండి
రెక్క బాడీకి కింది భాగంలో ఉండే, ఐలెరాన్లు (విమానాన్ని పక్కలకు వాల్చే, రెక్క వెనక అంచున కదిలే పలకలు) ఉన్న విమానాన్ని, పక్కన ఎవరూ లేకుండా, నాలుగైదు సార్లు వరసగా సాఫీగా దించగలగాలి. అది రానప్పుడు ట్రైనర్‌తోనే (నేర్చుకునే విమానంతోనే) ఇంకొన్ని నెలలు ఎగరేయండి.

2. తరం ఎంచుకోండి
1960లో స్విట్జర్లాండ్‌లో జరిగిన మొదటి రేడియో కంట్రోల్ ప్రపంచ పోటీల్లో ఎడ్ కజ్మిర్‌స్కీ ‘ఓరియన్’తో గెలిచాడు. 1967లో కోర్సికాలో ఫిల్ క్రాఫ్ట్ ‘క్విక్ ఫ్లై’తో గెలిచాడు. 1970 ప్రాంతంలో జో బ్రిడీ ‘కేయాస్’ డిజైన్ చేశాడు. నన్నడిగితే మొదటిసారికి కేయాసే. దాని బాడీ పక్కలు చదునైన పలకలు, చక్రాలు కదలకుండా బిగించినవి. మందంగా ఉండే రెక్క పైనా కిందా ఒకే వంపుతో ఉంటుంది కాబట్టి తలకిందులుగా కూడా హాయిగా ఎగురుతుంది, వేగం తగ్గినప్పుడు చటుక్కున పడిపోదు.

3. సైజు, మోటార్
వీటిలో 40, 60 సైజులు ఉంటాయి. అవి పాత ఇంజిన్ల కొలతలు: 40 అంటే సుమారు 6.5 సీసీ, 60 అంటే 10 సీసీ. కారులో పట్టే పక్షంలో ఒకటిన్నర మీటర్ల రెక్క ఉన్న 60 సైజే తీసుకోండి. గాలికి తక్కువ ఊగుతుంది, దూరంగా ఉన్నా ఎటు తిరిగిందో తెలుస్తుంది. ఎలక్ట్రిక్ పెట్టాలనుకుంటే కిలో బరువుకు 350 వాట్లకు తగ్గకుండా చూడండి. బ్యాటరీ పెట్టి తీయడానికి మూత ఎక్కడ వస్తుందో జిగురు పెట్టకముందే ప్లాన్ మీద గీసుకోండి. పాత ప్లాన్లలో అక్కడ ఇంధనం ట్యాంకు ఉంటుంది.

4. బల్సాను (మోడళ్లు కట్టే తేలిక చెక్కను) తూకం వేయండి
అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న షీట్లు కొన్ని తీసుకుని వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా ఒకటి 30 గ్రాములు తూగితే ఇంకొకటి 60 తూగుతుంది. ప్రతి షీట్ మీద బరువు పెన్సిల్‌తో రాసి, తేలికవాటిని తోకకు పక్కన పెట్టేయండి. బరువుగా, గట్టిగా ఉన్నవాటిని రెక్క లోపలి దూలాలకు వాడండి.

నా మొదటి మోడల్‌లో చేతికందిన షీట్‌ను తోకకు వాడేశాను. తోక సీజీకి (విమానం ముందూ వెనకా సమంగా తూగే చోటుకు) చాలా దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ పెరిగిన ప్రతి గ్రాముకూ ముక్కు దగ్గర రెండు మూడు గ్రాముల సీసం కలపాల్సి వచ్చింది. ఆ సీసం బరువు ప్రతి ల్యాండింగ్‌లోనూ తెలిసేది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువ ఊళ్లలో షీట్లను నిలబెట్టకండి, వంకర పోతాయి. బల్లమీద పరిచి పైన బరువు పెట్టండి.

5. దారంతో కొలవండి
తోక అతికించే ముందు బాడీ వెనక కొస మధ్యలో గుండుసూది గుచ్చి, దానికి సాగని దారం కట్టండి. ఆ దారాన్ని ఒక రెక్క కొసకు లాగి గుర్తు పెట్టి, అదే గుర్తును రెండో కొసకు తీసుకెళ్లండి. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా సరిచేయండి. రెక్క వంకరగా ఉంటే లూప్ (గాలిలో నిలువు చుట్టు) వేసిన ప్రతిసారీ విమానం పక్కకు జారుతుంది. దాన్ని రేడియోలో ట్రిమ్‌తో (చిన్న సర్దుబాటు మీటతో) పూర్తిగా సరిచేయలేం.

6. సీజీ
మొదటిసారి ఎగరేసేటప్పుడు సీజీని రెక్క సగటు వెడల్పులో ముందు నుంచి నాలుగో వంతు దగ్గర ఉంచండి. బ్యాటరీతో సహా అంతా బిగించాకే చూడాలి. రెండు చూపుడువేళ్లను రెక్క కింద ఆ చోట ఆనించి విమానాన్ని లేపండి. ముక్కు కొద్దిగా కిందికి వాలితే సరే. తోక వాలితే ఆ రోజు ఎగరేయకుండా బ్యాటరీని ముందుకు జరిపి, మళ్లీ వేళ్ల మీద లేపి చూడండి.