వెనక డోరు పవర్ విండో సగంలో ఆగిపోతోందా? మోటారు కొనేముందు ఇవి చూడండి

పోయిన ఏడాది శ్రావణంలో పార్వతీపురం నుంచి రాయగడ తిరిగి వస్తున్నాం. కూనేరు దాటుతుండగా వాన పట్టుకుంది. వెనక సీట్లో అమ్మ బటన్ నొక్కితే అద్దం సగం పైగా లేచి, నాలుగు వేళ్ళ సందు మిగిల్చి ఆగిపోయింది. "నొక్కుతూనే ఉన్నాన్రా, లేవట్లేదు" అంటూ కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరేసరికి ఆమె భుజం తడిసి ముద్దయింది.

మర్నాడు ఒక షాపులో మోటారు పోయిందన్నారు, మార్పించాను. రెండు నెలలు తిరక్కుండానే కొత్త మోటారు కూడా మూలగడం మొదలుపెట్టింది. అప్పుడు డోర్ ప్యాడ్, అంటే డోరు లోపలివైపు కవరు, నేనే విప్పి చూశాను. అద్దం జారే రబ్బరు గాడిలో ఎర్రమట్టి పేరుకుని గట్టిపడి ఉంది. పుల్లతో గీకితే పెంకుల్లా ఊడి వచ్చింది. రాయగడ, గునుపూర్, కొరాపుట్ వైపు తిరిగే బండ్లకి ఇది మామూలే. ఎండాకాలం దుమ్ము గాడిలోకి దిగుతుంది, వానకి బురదవుతుంది, ఎండకి మళ్ళీ బిగుసుకుంటుంది. అందుకే చెప్తున్నాను, ముందే మోటారు మీద నింద వేయకండి.

మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వెలిగించండి. ఆ లైటు చూస్తూ విండో స్విచ్ నొక్కండి. లైటు కాస్త మసకబారితే మోటారుకి కరెంటు అందుతోంది, ఎక్కడో అద్దమో, దాన్ని ఎత్తే మెషీనో పట్టేసిందన్నమాట. లైటులో ఏ మార్పూ లేకపోతే కరెంటే చేరడం లేదు. సగం వెతుకులాట ఇక్కడే తగ్గిపోతుంది.

లక్షణం: చప్పుడు లేదు, కదలిక లేదు

ముందు డ్రైవర్ డోరు మీద ఉన్న విండో లాక్ బటన్ చూడండి. పిల్లలు నొక్కేసి ఉంటే వెనక స్విచ్‌లు రెండూ పనిచేయవు. తర్వాత ఫ్యూజు. ఫ్యూజు కొత్తది వేసినా వెంటనే మళ్ళీ పోతే అంతకన్నా పెద్దది వేయకండి. ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం, పెద్ద ఫ్యూజు వేస్తే వైరింగే కాలుతుంది.

ఆ రెండూ బాగుంటే స్విచ్. చాలా బండ్లలో వెనక ఎడమ, కుడి స్విచ్‌లు ఒకటే రకం. అటుదిటు మార్చి పెట్టి చూస్తే తేలిపోతుంది. ఒక్క సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. ఎన్నో పాత బండ్లలో వెనక మోటారు వైర్లు డ్రైవర్ దగ్గరున్న మెయిన్ స్విచ్ మీదుగానే ఎర్త్‌కి వెళ్తాయి. ఆ మెయిన్ స్విచ్ కాంటాక్టులు నల్లబడితే, వెనక స్విచ్ కొత్తది వేసినా అద్దం కదలదు. మెయిన్ స్విచ్ విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పదిసార్లు నొక్కి వదలండి.

లక్షణం: డోరు తెరిచినప్పుడు పనిచేస్తుంది, మూస్తే ఆగిపోతుంది

డోరుకీ, అది తగిలించి ఉండే బాడీ పిల్లర్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో వైరు తెగింది. పైన తొడుగు బాగానే కనిపించినా లోపల రాగి తెగి ఉండొచ్చు, మెల్లగా లాగితే సాగుతుంది. సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయండి. అతుకు మడత పడే చోట రాకుండా చూసుకోండి.

లక్షణం: మూలుగుతూ లేస్తుంది, సగంలో ఆగుతుంది, చేత్తో లాగితే వస్తుంది

మా బండి జబ్బు ఇదే, ఎక్కువ బండ్లది ఇదే అనుకుంటున్నాను. అద్దం పూర్తిగా దించి, సన్నని పుల్లకి తడిగుడ్డ చుట్టి గాడి లోపల పైనుంచి కిందకి తుడవండి. గుడ్డకి ఎర్రరంగు అంటడం మానేదాకా తుడవాలి, నాకు ఆరు గుడ్డలు పట్టాయి. బాగా ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి, అద్దాన్ని నాలుగైదుసార్లు పైకీ కిందకీ నడపండి. ఇంజన్ ఆయిల్, గ్రీజు పూయకండి. వాటికి రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము అతుక్కుని నెలలోనే మళ్ళీ మొదటికొస్తుంది. రబ్బరు చిట్లి, గాడిలోంచి ఊడి ఉంటే మాత్రం రబ్బరే మార్చాలి.

అద్దం ఆగిపోయి, పది నిమిషాల తర్వాత మళ్ళీ కదిలితే కంగారు పడకండి. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు ఆపుకునే ఏర్పాటు ఉంటుంది. అలా ఆగినప్పుడు బటన్ నొక్కి పట్టుకోకండి. గాడి శుభ్రం చేశాక కూడా ఇదే జరుగుతుంటే, లేక డోరు మీద తడితేనే మోటారు తిరుగుతుంటే, లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్‌లు, అరిగి ఉండొచ్చు. అప్పుడు మోటారు కొనండి.

అన్నట్టు, వెనక అద్దం పూర్తిగా కిందకి దిగకపోవడం చాలా బండ్లలో జబ్బే కాదు. కింద చక్రం వంపు అడ్డం వస్తుంది కాబట్టి కంపెనీయే అలా చేస్తుంది.

లక్షణం: మోటారు తిరుగుతుంది, అద్దం కదలదు, లేదా ఒకవైపు వాలుతుంది

ప్యాడ్ విప్పితే అద్దాన్ని మోసే రెగ్యులేటర్ కనిపిస్తుంది, మెకానిక్కులు మెషీన్ అంటారు. అద్దం పట్టుకున్న బోల్టులు వదులైతే బిగిస్తే చాలు. ప్లాస్టిక్ క్లిప్పు విరిగినా, కేబుల్ పోగులు లేచినా మెషీన్ మార్చాల్సిందే. కేబుల్ మధ్య వేళ్ళు పెట్టి స్విచ్ నొక్కించుకోకండి. కత్తెర ఆకారంలో ఉండే మెషీన్‌లో గట్టి స్ప్రింగు ఉంటుంది. మోటారు విప్పగానే పళ్ళ ప్లేటు ఒక్కసారిగా తిరిగి వేళ్ళు నలిపేస్తుంది. ముందే ఆ ప్లేటునీ బేస్ ప్లేటునీ కలిపి ఒక బోల్టుతో బిగించి, ఆ తర్వాతే మోటారు ముట్టుకోండి.

దారిలో, వానలో ఆగిపోతే

ఒకరు స్విచ్ నొక్కుతుంటే ఇంకొకరు రెండు అరచేతుల మధ్య అద్దాన్ని పట్టి పైకి తొయ్యాలి. చాలాసార్లు లేస్తుంది. లేచాక వెడల్పు టేపుతో అద్దాన్ని డోరు ఫ్రేముకి అంటించి, ఇల్లు చేరేదాకా స్విచ్ ముట్టుకోకండి.

ప్యాడ్ మళ్ళీ బిగించేముందు లోపలి ప్లాస్టిక్ షీటు చిరగకుండా తిరిగి అంటించండి. చాలామంది పీకి పారేస్తారు. అది లేకపోతే అద్దం మీంచి లోపలికి దిగిన నీళ్ళు ప్యాడ్‌ని నానబెడతాయి. డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు కూడా ఉంటాయి, అవి మూసుకుంటే మోటారు తడిలోనే తుప్పు పడుతుంది. ఈ జ్యేష్ఠంలో అగరుబత్తి పుల్లతో మా బండివి పొడిస్తే, అమ్మ కూర్చునే వైపు డోరు నుంచి గ్లాసుడు ఎర్రనీళ్ళు కారాయి.