పాత గిటారు, పాత యాంప్ – 4వ పాఠం: సీరీస్ బోర్డు నుంచి మొదటి స్వరం దాకా

పోయిన పాఠంలో గిటారును చేతిలోకి తీసుకుని చూడటం నేర్చుకున్నాం. మెడ వంపు ఎంతుంది, మెట్లు (ఫ్రెట్లు) ఎంత అరిగాయి, ఎండాకాలం మన అనంతపురం గాలికి చెక్క ముడుచుకుపోయి ఫ్రెట్ల చివర్లు వేలికి ఎందుకు గీసుకుంటాయి, అదంతా అయింది. ఈసారి దానికి వైరు తగిలిద్దాం. ఈ పాఠం అయ్యేసరికి మీ చేతికి ఒక్క విషయం తెలియాలి: పాత వాల్వు యాంప్, అంటే గాజు వాల్వులతో గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె, మీ చేతి బరువును బట్టి ఎలా మాట మారుస్తుందో.

"కొత్త గిటారు, కొత్త యాంప్ ఇంత తక్కువకు దొరుకుతుంటే ఈ పాతవాటి వెంట ఎందుకు పడతారు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త గిటారు శ్రుతి నిలబెట్టుకుంటుంది, కొత్త యాంప్‌లో గుర్రుమనే శబ్దం ఉండదు, పాడైతే షాపువాడు మార్చిస్తాడు. అయినా నేను పాతదానితోనే కూర్చుంటాను, ఎందుకంటే మెత్తగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే గొంతు చించుకుని పలికే పెట్టె అది, మధ్యలో ఉన్న మెట్లన్నీ మీ కుడిచేతిలోనే ఉంటాయి. నా వాయింపులో ఎక్కడ తొందర ఉందో, ఎక్కడ భయపడి మీటుతున్నానో ఆ పెట్టె దగ్గరే నాకు తెలిసింది, అంతకుముందు నాలుగేళ్లు వాయించినా తెలియలేదు.

నా దగ్గర ఉన్నదేంటో చెప్తే మీకు ధైర్యం వస్తుంది. గిటారు గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో ఒకరింటి నుంచి వచ్చింది. గుంతకల్లు పెద్ద జంక్షన్ కదా, ఒకప్పుడు అక్కడ ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలు ఉండేవి, వాళ్ల ఇళ్లలో గిటారు అంటే మన ఇళ్లలో హార్మోనియం లాంటిది. తల మీద పేరు గీరిపోయింది, ఎవరు చేశారో తెలీదు, మెడ దగ్గర ఒకే ఒక సింగిల్ కాయిల్ పికప్, అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే ఒక్క తీగచుట్ట. యాంప్‌నేమో ఇక్కడే మైక్‌సెట్లు బాగుచేసే ఒక పెద్దాయన పాత రేడియో సామానుతో కట్టిచ్చాడు. మూడే వాల్వులు: ఈసీసీ83 ఒకటి, ఈఎల్84 ఒకటి, కరెంటును డీసీగా మార్చడానికి ఈజెడ్80 ఒకటి. మహా అయితే ఐదు వాట్లు.

రేడియో మెకానిక్ కట్టినదాన్ని వింటేజ్ అంటారా అని అనుమానం పడొద్దు. లియో ఫెండర్ మొదలుపెట్టింది రేడియో రిపేరు షాపుతోనే, 1938లో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో, పైగా ఆయనకు గిటారు వాయించడం రాదు. లండన్‌లో జిమ్ మార్షల్‌ది డ్రమ్ముల షాపు, ఆయన మనుషులు 1960ల మొదట్లో ఫెండర్ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ను ముందు పెట్టుకుని, అక్కడ చేతికి దొరికిన సామానుతో కట్టిందే జేటీఎం45 అనే యాంప్. దొరికిన సామాను మారితే గొంతూ మారింది, ఆ మారిన గొంతు కోసమే ఇవాళ జనం లక్షలు పోస్తున్నారు. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీ సీబీఎస్ అనే అమెరికా బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ చేతికి వెళ్లింది కాబట్టి అంతకు ముందువి వేరు, తర్వాతవి వేరు అని వాదించుకునేవాళ్లు చాలామంది. ఆ వాదనలో విషయం లేకపోలేదు, కానీ అది కొనేవాళ్ల గొడవ, వాయించడం నేర్చుకునేవాళ్లకు ఐదు వాట్ల పెట్టె చాలు.

ఇక పని మొదలుపెడదాం. ముందు వాల్వుల పేర్లు చదవాలి. వెనక అట్ట లోంచి టార్చి వేసి చూస్తే గాజు మీద అక్షరాలు కనిపిస్తాయి, మసకబారి ఉంటే నోటితో ఆవిరి ఊదితే ఒక్క క్షణం తేలతాయి, గుడ్డతో మాత్రం తుడవొద్దు, పేరు కూడా పోతుంది. మన దగ్గర పాత రేడియోల్లో, యాంపుల్లో దొరికే వాల్వులకు ఎక్కువగా యూరప్ పద్ధతి పేర్లే, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ చేసినవాటిలోనూ అవే చూస్తుంటాం. మొదటి అక్షరం ఈ అయితే లోపలి ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలి. సీ అంటే ట్రయోడ్, సిగ్నల్‌ను పెంచే చిన్న వాల్వు, రెండు సీలుంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్లు, ఎల్ అంటే స్పీకర్‌ను తోసే పవర్ పెంటోడ్, జెడ్ అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్. కాబట్టి ఈఎల్84 అనగానే అది చివరి వాల్వు అని, ఈసీసీ83 అనగానే గిటారు సిగ్నల్‌ను మొదట అందుకునే వాల్వు అని మీకు తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. మొదటి అక్షరం యూ ఉంటే, అంటే యూఎల్84, యూసీఎల్82, యూవై85 లాంటివి కనిపిస్తే, ఆ పెట్టెకు గిటారు తగిలించొద్దు. అవి ఏసీకీ డీసీకీ రెంటికీ పనిచేసేలా కట్టిన రేడియోలు, వాటిలో మెయిన్స్‌ను విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, సామాను బిగించే లోపలి ఇనుప చట్రం, అంటే చాసిస్, నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. టూ పిన్ ప్లగ్ ఒకవైపు పెడితే న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజ్. వెనక గ్రామఫోన్ సాకెట్ ఉంది కదా అని దాంట్లో గిటారు గుచ్చితే 230 వోల్టులు మీ గిటారు తీగల మీదికి రావచ్చు. పాత రేడియోను యాంప్‌గా వాడుకోవచ్చు అని ఎవరైనా చెప్తే మొదట అడగాల్సింది "దాంట్లో వాల్వులు ఈవా, యూవా" అనే.

ఈ అక్షరమే ఉంది, టూ పిన్ వైరు ఉంది అనుకోండి, అప్పుడూ వాయించకముందే మెకానిక్ దగ్గర త్రీ పిన్ వైరు వేయించి చాసిస్‌ను ఎర్త్‌కు కలిపించండి. ఎర్త్ అనగానే గోడలో మూడో రంధ్రం ఉంది కదా అనుకుంటాం, మన జిల్లాలో అది చాలదు. పెరట్లో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత మార్చి వచ్చేసరికి ఎండి గట్టిపడిపోతుంది, ఎండిన నేలలోకి కరెంటు సరిగా దిగదు. నేను మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తాను. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టిస్తే ఇంకా మంచిది. చాసిస్ మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ తీసేసినా లోపల కరెంటును దాచుకునే కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలవుండొచ్చు.

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న పెట్టెకు ఒక్కసారిగా కరెంటు ఇవ్వకూడదు, సీరీస్ బోర్డు ద్వారానే ఇవ్వాలి. ఏ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా చేసిస్తాడు: ఫేజ్ తీగకు మధ్యలో ఒక హోల్డరు, దాంట్లో బల్బు, ఆ తర్వాత సాకెట్. బల్బు పాతకాలం ఫిలమెంటుదే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఇలాంటి చిన్న యాంప్‌కు 60 వాట్లది చాలు. స్విచ్ వేసేముందు స్పీకర్ తగిలించి ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, స్పీకర్ లేకుండా వాల్వు యాంప్‌ను వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది, అది పోతే అలాంటిది మళ్లీ దొరకదు, చుట్టించుకోవాలి.

నా యాంప్‌ను మొదటిసారి వెలిగించినప్పుడు ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "బల్బు ఎలుగుతానే ఉంటే పీకేయప్పా, లోపల యాడో షార్టుండాది. ఎలిగి తగ్గిందా, అప్పుడు కూర్చో" అన్నాడు. స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగింది, చల్లటి ఫిలమెంట్లు కరెంటు ఎక్కువ లాగుతాయి కాబట్టి అలా వెలుగుతుంది, రెండు మూడు సెకన్లలో తగ్గి నారింజ రంగు తీగలా మిగిలింది. వెనక ఈఎల్84 గాజు అడుగున చిన్న ఎర్రటి చుక్క లేచింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది, దీపావళి ముందు పాత పెట్టెలు దులిపినప్పుడు వచ్చే వాసన లాంటిది. ఆ తర్వాత స్పీకర్ లోంచి సన్నగా గుర్ర్ మని మొదలైంది. సంతోషంతో గిటారు అందుకోబోతే ఆయన ఒప్పుకోలేదు, పది నిమిషాలు ఊరికే విను అన్నాడు.

ఎందుకు వినాలంటే, ఆ గుర్రులోనే రోగం ఏంటో ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చేటప్పుడు పుట్టే అల 100 హెర్ట్జ్, దాన్ని నున్నగా చేయాల్సినవి ఫిల్టర్ కెపాసిటర్లు. ఇప్పుడు గిటారు ఆరో తీగ మీద మూడో మెట్టు నొక్కి, వైరు తగిలించకుండానే మీటండి. అది 98 హెర్ట్జ్, 100కి దాదాపు దగ్గర. స్పీకర్ గుర్రు ఆ స్వరంతో కలిసిపోతూ, యాంప్ వాల్యూమ్ తిప్పినా మారకుండా అలాగే ఉంటే కెపాసిటర్లు ఎండిపోయాయని అర్థం, పాతవి తీసి కొత్తవి వేయించండి, అసలువే ఉంచాలనే పట్టుదల వాటి విషయంలో వద్దు. గుర్రు అంతకన్నా ఒక స్థాయి కింద మంద్రంగా ఉండి, గిటారు తగిలించాక గిటారు వాల్యూమ్ సున్నా చేస్తే పోతుంటే అది పికప్ పట్టుకొస్తున్నది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోందా, అయితే బ్రిడ్జికి, అంటే తీగలు ఆనే చోటికి, ఎర్త్ తీగ బాగానే ఉంది. సింగిల్ కాయిల్ పికప్‌కు ఆ కాస్త గుర్రు సహజం, మీరు కూర్చున్న కుర్చీని కొంచెం పక్కకు తిప్పి చూడండి, ఒక దిక్కున అది సగానికి పడిపోతుంది. తర్వాత పెన్సిల్ చివర రబ్బరుతో ఈసీసీ83 గాజును మెల్లగా తట్టండి. స్పీకర్‌లో చిన్న టిక్ వస్తే ఫరవాలేదు, టింగ్ మని మోగుతూ సాగితే ఆ వాల్వు మార్చాలి.

పికప్ బతికుందో లేదో మల్టీమీటర్ చెప్తుంది. గిటారుకు వైరు గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, వైరు రెండో చివర పిన్ కొనకీ దాని ఒంటికీ మధ్య ఓమ్స్ కొలవండి. సింగిల్ కాయిల్ అయితే 5 నుంచి 8 కిలో ఓమ్స్ మధ్య ఏదో ఒకటి వస్తుంది. ఏ అంకె వచ్చిందన్నది పెద్ద సంగతి కాదు, ఎంతో ఒకటి చూపించాలి. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే తిప్పే రెసిస్టర్) విలువే, 250 కిలోలో 500 కిలోలో, కనిపిస్తే మాత్రం కాయిల్ ఎక్కడో తెగింది. వెంట్రుక కన్నా సన్నని తీగ, వేల చుట్లు, తెగితే మళ్లీ చుట్టించుకోవడమే.

ఇప్పుడు వాయిద్దాం. సీరీస్ బోర్డు తీసేసి నేరుగా పెట్టండి, రాత్రిపూట వోల్టేజీ ఎక్కువయ్యే ఊళ్లలో ఉంటే స్టెబిలైజర్ ద్వారా. గిటారు వాల్యూమ్ 10లో ఉంచి, నాలుగో తీగ రెండో మెట్టు నొక్కి గట్టిగా మీటుతూ యాంప్ వాల్యూమ్ నెమ్మదిగా పెంచుకుంటూ పోండి. ఒకచోట స్వరం అంచు చిట్లడం మొదలవుతుంది. అక్కడే ఆపి నాబ్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, ఈ వారమంతా యాంప్ అక్కడే ఉంటుంది.

ఆ చిట్లడం ఏంటంటే, వాల్వు మోయగలిగినంత మోసి, ఇక అల పైభాగాన్ని మెత్తగా నొక్కేస్తుంది, కత్తితో కోసినట్టు కాదు, బొటనవేలితో అదిమినట్టు. నొక్కేసినప్పుడు అసలు స్వరంతోపాటు దాని పై స్థాయి స్వరం, ఇంకా పైవి కొన్ని పుడతాయి. తంబూరకు జీవాళి పెట్టకముందు, పెట్టాక విన్నవాళ్లకు నేను ఇంతకన్నా చెప్పక్కర్లేదు, ఒక్క దారప్పోగు బ్రిడ్జి మీద సరైన చోట పడగానే తీగ ఎలా విప్పారుతుందో ఇదీ అలాగే. ఫెండర్ మొదట్లో యాంపులు కట్టింది శబ్దం శుభ్రంగా రావాలనే, వాయించేవాళ్లే వాటిని హద్దు దాటించి ఈ గొంతును కనుక్కున్నారు.

అభ్యాసం ఇదీ. అదే స్వరాన్ని ఎనిమిది దెబ్బలు మీటండి, మొదటిది వేలి కొనతో తాకీ తాకనట్టు, ఎనిమిదోది గట్టిగా, మధ్యవి సమానంగా పెరుగుతూ. ఏ దెబ్బ దగ్గర చిట్లుతోందో గమనించండి. మొదటి రోజు నాకు మూడో దెబ్బకే చిట్లింది, ఆ తర్వాతవన్నీ ఒకేలా ఉన్నాయి, అంటే నా చేతిలో మెత్తదనం రెండు మెట్లే ఉంది. అది ఐదో దెబ్బకు జరగడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. తర్వాత గిటారు వాల్యూమ్ 7కి తగ్గించి మళ్లీ ఎనిమిది, 4కి తగ్గించి మళ్లీ ఎనిమిది. 4 దగ్గర గంటలాంటి శుభ్రమైన స్వరం రావాలి. మధ్యలో నాబ్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. తగ్గించేకొద్దీ స్వరం మబ్బుపట్టినట్టు అయిపోతుంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి పొడుగు వైరు, మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు తింటుంది, ఇంట్లో మూడు మీటర్లు మించి వాడొద్దు. రెండోది టోన్ నాబ్ కలిపిన తీరు: టోన్ వైపు వెళ్లే తీగ వాల్యూమ్ పాట్‌లో పికప్ వచ్చే కాలికి కాకుండా మధ్య కాలికి సాల్డర్ చేయించి చూడండి, 1950ల గిబ్సన్ గిటార్లలో అలాగే ఉండేది, వాల్యూమ్ తగ్గించినా పై స్వరాలు అంతగా చచ్చిపోవు.

రోజుకు పావుగంట చాలు. ఏ రోజు ఎన్నో దెబ్బకు చిట్లిందో క్యాలెండర్ గడిలో అంకె వేసుకోండి, కరెంటు పోయిన రోజు వైరు లేకుండానే ఎనిమిది దెబ్బలూ మీటండి. వచ్చే పాఠంలో స్పీకర్ కాగితం చూస్తాం, దానికి ఒక టార్చి, కొంచెం ఫెవికాల్, పల్చటి టిష్యూ కాగితం దగ్గర పెట్టుకోండి.